లేని ఇంట్లో పిల్లి

గంగాదేవి తొమ్మిదో తరగతి దాకా చదివింది. ఆ తొమ్మిదేళ్ళలో బడిలో ఆమె గొంతు విన్నవాళ్ళు బహు తక్కువ. హాజరు పిలిచినప్పుడు చెయ్యెత్తేదే తప్ప నోరు తెరిచేది కాదు. రెండుసార్లు అయ్యవారు తలెత్తి చూడకుండా, బెంచీ మీద కూర్చుని ఉన్న పిల్లను రాలేదని రాసేసుకున్నాడు. అయ్యవారు రాసుకున్నాడంటే తాను నిజంగా రాలేదేమోనని గంగాదేవి కూడా ఒప్పేసుకుంది. అంతటి ధైర్యశాలి.

అటువంటి పిల్ల ఒకనాడు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ముందు నిలబడి, గుక్క తిప్పుకోకుండా ఒక ఇంటిని కట్టేసింది. పునాది లేదు, ఇటుక లేదు, అంతా నోటితోనే. ఆ ఇంట్లో రెండు కొళాయిలు పెట్టించింది, మిద్దె మీదికి మెట్లు పెట్టించింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఒక పిల్లిని కూడా పెట్టింది. వాళ్ళ నాయన ప్రాణం మీదికి తెచ్చింది ఆ తెల్లపిల్లి.

వాళ్ళ నాయన కుళ్లాయప్పకు గార్లదిన్నె అవతల ఎనిమిదెకరాల ఎర్రనేల ఉంది. రెండేళ్ళు వరసగా వేరుశనగ విత్తాడు. రెండేళ్ళూ చల్లిన విత్తనమైనా వెనక్కి రాలేదు. రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలంలో పెళ్ళాం తిమ్మమ్మనూ కూతురినీ వెంటబెట్టుకుని అనంతపురం చేరాడు. పొద్దున్నే టవర్ క్లాక్ దగ్గర కూలీల అడ్డాలో నిలబడితే ఎవరో ఒక మేస్త్రీ పనికి పిలుచుకుపోయేవాడు. పడక మాత్రం మూతబడిన శెనక్కాయల మిల్లు ముందరి రేకుల పంచలో. పంటల్లేక మిల్లు మూసేశారు. షావుకారు పోయాడు, హమాలీలు పోయారు. ఎలుకలు మాత్రం ఎక్కడికీ పోలేదు. లోపల పొట్టు కుప్పల్లో అవి కాపురముండేవి. బయట గోనెపట్టల మీద పదకొండుమంది మనుషులు.

ఆ పంచకు పెద్ద సుంకప్ప. కణేకల్ వైపు మనిషి, అరవై దాటినవాడు. ఆరేళ్ళుగా అక్కడే పడుకుంటున్నాడు కాబట్టి ఎవరి జాగా ఎక్కడో చెప్పే అధికారం తనంతట తనే తీసుకున్నాడు. కుళ్లాయప్ప కుటుంబానికి తన పక్కనే, గోడవారగా చోటిచ్చి ఒక జాగ్రత్త కూడా చెప్పాడు.

"అన్నం మూట పైన రేకుకు యాలాడదీయప్పా. కింద పెడితివా, అది నీది గాదు, వాటిది."

నీళ్ళ బిందె సంగతి ఆయన చెప్పలేదు. ఆయనకే తెలియదు.

మొదటిరోజే కుళ్లాయప్ప కూతురిని పక్కకు పిలిచాడు.

"పాపా, మన ఊరోళ్ళు దినామూ బస్సు దిగి ఈ బజార్లోనే తిరుగుతాంటారు. ఎవురైనా యాడుండారని అడిగితే, మా చిన్నాయన మిద్దెలో ఉండామని చెప్పు. ఈడ పండుకుంటామని నీ నోట్లో నుంచి ఒక్క మాట వచ్చిందంటే నా మీద ఒట్టే. నా తల పగిలి నేను సచ్చినట్టే."

ఆమె చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. నోరే విప్పని పిల్ల చేత నోరు విప్పనని ఒట్టు వేయించుకోవడం ఎందుకో గంగాదేవికి అర్థం కాలేదు. అయినా పరీక్షలో సులభమైన ప్రశ్న వచ్చినంత సంతోషంగా తల ఊపింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన పడింది. చినుకులు కాదు, వాన. ఆ ఏడాది మొదటిసారి. మిల్లు రేకుల మీది నీళ్ళన్నీ లోపలి ఆవరణలోకి దూకి, గోడ కింది తూములోంచి బయటికి ఉరికి, వీధి కాలువలో పడి పోతున్నాయి. టౌనువాళ్ళు తలుపులు మూసుకున్నారు. కుళ్లాయప్ప మాత్రం పంచలో నిలబడి ఆ నీళ్ళు పోవడం చూశాడు. కాసేపు ఓర్చుకున్నాడు. అంతకు మించి ఆయన వల్ల కాలేదు.

"థూ! ఇన్ని నీళ్ళు ఉత్తపుణ్యానికి పోతాండాయి గదప్పా!" అంటూ పంచె ఎగ్గట్టి దిగిపోయాడు.

చిరిగిన గోతాల్లో మన్ను నింపి, తూముకు బయట పంచ ముందర అడ్డంగా వేశాడు. చేతులతో బురద తీసి గట్టు పోశాడు. గట్టు ఒకచోట తెగితే తనే అక్కడ కూర్చుని ఒంటితో ఆపాడు. మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. బొరియలు మునిగి మిల్లు ఎలుకలన్నీ తూములోంచి ఈదుకుంటూ బయటికొస్తుంటే, కోళ్ళను అదిలించినట్టు చేత్తో అదిలించాడు. ఆయన మడమల నిండా పగుళ్ళు, ఒక్కోదాంట్లో రూపాయి బిళ్ళ పట్టేంత. మూడు గంటలు ఆ నీళ్ళలోనే ఉన్నాడు. ఊళ్ళో వదిలేసి వచ్చిన నవ్వు ఆ రోజు ముఖంలో కనపడింది.

"కుళ్లాయప్ప చెరువు నిండింది! గంగమ్మకు కోడిని కోయండ్రా!" అని సుంకప్ప పంచలోంచి కేకలేశాడు.

"రా మే పాపా, ఈ గోతాం పట్టుకో!" అని నాయన పిలిచాడు.

గంగాదేవి రాలేదు. ఎదురుగా ఒక ఇంటి కిటికీలో తన ఈడు పిల్ల ఒకతి వాన చూస్తోంది. ఆ పిల్ల తనను చూస్తుందేమోనని గంగాదేవి కొంగు కప్పుకుని స్తంభం వెనక నక్కింది. తర్వాతి కాలంలో డాక్టరమ్మ, ఆ నీళ్ళలో దిగకపోవడం నీ తెలివి అని మెచ్చుకుంది. స్తంభం చాటున నక్కడాన్ని తెలివి అంటే కాదనడం దేనికి?

ఆ నీళ్ళు నాలుగు రోజులొచ్చాయి. పంచలోవాళ్ళంతా వాటితోనే ముఖాలు కడుక్కున్నారు, గుడ్డలు ఉతుక్కున్నారు. తొమ్మిదో రోజు కుళ్లాయప్పకు చలిజ్వరం వచ్చింది. పిక్కలు పట్టేసి, లేచి నిలబడలేక గోడ పట్టుకున్నాడు. అంగట్లో మాత్రలు తెచ్చి మింగాడు. జ్వరం వచ్చిన నాలుగో రోజుకు కళ్ళు ఎర్రబడి, ఆ ఎరుపు కింద పసుపు కనపడింది.

"పచ్చకామెర్లు. ఊరికి పోయి పసరు పోయించుకుందాం పా," అంది తిమ్మమ్మ.

"ఊరికా? ఈ మొగం పెట్టుకొనా?" అన్నాడు కుళ్లాయప్ప. దాంతో ఆసుపత్రికి వెళ్ళారు.

తిమ్మమ్మకు చదువు రాదు, కుళ్లాయప్పకు కూర్చునే ఓపిక లేదు. చీటీ రాయించే పని, డాక్టరమ్మకు జవాబులు చెప్పే పని గంగాదేవి మీద పడ్డాయి. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, చిన్న వయసు, మెత్తటి మాట.

"ఎక్కడ ఉంటున్నారమ్మా?"

గంగాదేవి నాయన వైపు చూసింది. మంచం మీద నుంచి ఆ పసుపు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"చిన్నాయన మిద్దెలో మేడం. మూడో రోడ్డు." ఇంతవరకు నేర్పిన పాఠమే.

"ఇల్లు శుభ్రంగానే ఉంటుందా?"

"ఉంటాది మేడం. రెండు కొళాయిలు ఉండాయి. మిద్దె మీదికి మెట్లు ఉండాయి." ఇది ఎవరూ నేర్పలేదు. చెబుతుంటే గంగాదేవికే ఆశ్చర్యంగా ఉంది. మాట వెంట మాట వస్తోంది, నాలుక తడబడటం లేదు. ఆ మెట్లు తనకు కళ్ళకు కట్టినట్టు కనపడుతున్నాయి. పక్కన ముగ్గు కూడా ఉంది.

"మురికినీళ్ళలో దిగి పని చేశాడా మీ నాన్న?"

"లేదు మేడం."

"ఇంట్లో ఎలుకలున్నాయా?"

"యాడివి మేడం? పిల్లి ఉండాది కదా," అంది గంగాదేవి. "తెల్లది. చెవి మీద ఒక్క నల్లమచ్చ."

డాక్టరమ్మ నవ్వి ఏదో రాసుకుంది. తొమ్మిదేళ్ళ చదువులో ఏ ప్రశ్నకూ ఇంత బాగా జవాబు చెప్పలేదు. మంచం దగ్గరికి తిరిగొస్తూ గంగాదేవి కాస్త గర్వపడింది కూడా.

తాగే నీళ్ళ వల్ల వచ్చే మామూలు కామెర్లనుకుని సెలైన్ పెట్టారు. రెండు రోజులు గడిచాయి. కుళ్లాయప్ప తేరుకోకపోగా మూత్రం రావడం తగ్గింది. ముఖం ఉబ్బింది. పిక్కల మీద చెయ్యి వేస్తే అరిచేవాడు. డాక్టరమ్మ వంగి పిక్కలు నొక్కింది, కనురెప్పలు ఎత్తి చూసింది.

"ఈ పిక్కల నొప్పి, ఈ ఎర్రకళ్ళు చూస్తే ఎలుక జ్వరమేమోనని అనుమానంగా ఉంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వస్తుంది. అదే అయితే ఇంజెక్షన్లు ఇవాళే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే మూత్రపిండాలు పోతాయి, మనిషి దక్కడు. కానీ మీ ఇంట్లో ఎలుకలే లేవంటున్నావు. పిల్లి ఉందన్నావు కదా?"

గంగాదేవి నోరు తెరిచింది. చెబుదామనే తెరిచింది. నాయన చెయ్యి దుప్పటి కింద నుంచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఒట్టు గుర్తొచ్చింది. చెబితే ఒట్టు తప్పి నాయన చస్తాడు. చెప్పకపోతే జ్వరంతో చస్తాడు. లెక్కల పరీక్షలో కూడా ఇంత కష్టమైన ప్రశ్న రాలేదు. గంగాదేవి తనకు బాగా వచ్చిన పని చేసింది. నోరు మూసుకుంది.

"సరే, మీ ఇంటి కొళాయి నీళ్ళు పరీక్షకు పంపిద్దాం," అంది డాక్టరమ్మ. "ఆదెన్నా, ఈ పాపతో వాళ్ళ ఇంటికి వెళ్ళి సీసాలో నీళ్ళు పట్టుకుని రా. త్వరగా రావాలి."

ఆదెన్న ఆరోగ్యశాఖ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. సైకిలు, భుజాన సంచి. బయటికి రాగానే, "పద పాపా, మీ రెండు కొళాయిలు చూద్దాం. మా ఇంటికి ఒక్కటే, అదీ వారానికి ఒకనాడు వస్తాది," అన్నాడు.

గంగాదేవి ముందు నడిచింది, ఆదెన్న సైకిలు తోసుకుంటూ వెనక. మూడో రోడ్డు వచ్చింది. మిద్దెలు చాలా ఉన్నాయి. మెట్లున్నవి కూడా ఉన్నాయి. ఏ మిద్దె ముందు ఆగినా తలుపు కొడతాడు. గంగాదేవి ఆగలేదు. రోడ్డు చివరిదాకా వెళ్ళి పక్క సందులోంచి తిరిగి మళ్ళీ అదే రోడ్డుకు వచ్చింది.

"పాపా, ఈ పాల అంగడి ఇందాకే చూసినాం గదా?"

గంగాదేవి తల ఊపింది. మళ్ళీ సందు తిరిగింది. మూడోసారి అదే పాల అంగడి ఎదురైంది. అంగడివాడు ఆదెన్నకు దండం పెట్టి, "ఏం సార్, ప్రదక్షిణాలా?" అన్నాడు.

ఆదెన్న సైకిలుకు స్టాండు వేశాడు. "ఏమ్మే, ఆట్లాడుతాండావా? ఆడ మీ నాయన పోయేటట్టుండాడు, ఈడ నన్ను తిప్పుతాండావు. ఇల్లు యాడ?"

మీ నాయన పోయేటట్టుండాడు అన్న మాటతో గంగాదేవి ప్రదక్షిణాలు అయిపోయాయి. నోరు విప్పితే ఒట్టు. కానీ ఒట్టు నోటి మీద కదా వేయించుకున్నాడు? నీ నోట్లో నుంచి ఒక్క మాట వచ్చిందంటే, అన్నాడు నాయన. కాళ్ళ సంగతి ఏమీ అనలేదు. దేవుడు అంత వివరంగా వింటాడో లేదో గంగాదేవికి తెలియదు. వింటాడనే నమ్ముకుని, పెదవులు రెండూ పళ్ళ మధ్య బిగించి, మిల్లు వైపు తిరిగి పరుగెత్తింది.

ఆదెన్న సైకిలెక్కి వెంటపడ్డాడు. గంగాదేవి పంచలోకి వెళ్ళి, గోడవారన తమ గోనెపట్ట మీద, తమ మూటల పక్కన చతికిలబడింది. అయ్యవారి ముందు కూర్చున్నట్టు చేతులు కట్టుకుంది.

ఆదెన్న ఆమెను చూశాడు. మూటలు చూశాడు. రేకుకు వేలాడుతున్న అన్నం మూట చూశాడు. పట్టపగలు, మనిషి నిలబడి ఉండగానే, ఒక పెద్ద ఎలుక మిల్లు తలుపు కింది నుంచి వచ్చి, నీళ్ళ బిందె అంచు మీదుగా తీరిగ్గా నడిచి, అవతలికి దిగి పోయింది.

"ఇదేనా మీ తెల్లపిల్లి?" అన్నాడు ఆదెన్న.

మూల నుంచి సుంకప్ప లేచి కూర్చున్నాడు. "ఏమప్పా, ఎవురు నువ్వు? కుళ్లాయప్ప ఎట్లుండాడు? పాపం, ఆ చెరువు కట్టినప్పటి నుంచే పడినాడు."

"ఏం చెరువు?"

"ఇదో, ఈడే. తూముకు అడ్డమేసి నడుమంత లోతు నీళ్ళు నిలిపినాడు. ఎలుకలు ఈతకొడతాంటే చేత్తో తోలినాడు!" సుంకప్ప మోకాలి లోతును నడుము దాకా పెంచాడు. జిల్లాలో నీళ్ళ గురించి చెప్పేవాళ్ళెవరూ లోతు తగ్గించి చెప్పరు.

ఆదెన్న మిగతాది వినలేదు. సీసా సంచిలోనే ఉంది. సైకిలు ఆసుపత్రి వైపు తిప్పి, నిలబడి తొక్కుతూ పోయాడు.

గంగాదేవి వెనక నడిచి చేరేసరికి నాయనకు మొదటి ఇంజెక్షను అయిపోయింది. డాక్టరమ్మ ఆమెను చూసి కోప్పడదామని నోరు తెరిచి, ఆ ముఖం చూసి మానుకుంది.

"ఆ పిల్లి కూడా లేదన్నమాట," అంది.

గంగాదేవి తల అడ్డంగా ఊపింది.

రెండు రోజులు ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. మూత్రపు సీసాలో చుక్క పడిందా లేదా అన్నదే ఆ కుటుంబానికి ప్రపంచ వార్త. తిమ్మమ్మ గుగూడు స్వామికి మొక్కుకుంది. గంగాదేవి, నాయన తల పగులుతుందేమోనని గంటకొకసారి నుదురు తడిమి చూసింది. మూడోనాడు పొద్దున సీసా సగం నిండింది. ఆయా దాన్ని ఎత్తి చూపిస్తే, తిమ్మమ్మ నెయ్యి గిన్నెను చూసినట్టు చూసి కళ్ళు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నమే ఆదెన్న, ఆ జ్వరం మిగతావాళ్ళకు రాకుండా మాత్రలు తీసుకుని మిల్లు పంచకు వచ్చాడు. అందరూ మింగాలి, పేర్లు రాసుకోవాలి. రాయడానికి గంగాదేవిని పిలుచుకున్నాడు. చిక్కు అక్కడే వచ్చింది. పంచలో పడుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకామె తమ్ముడింటి నుంచి ఊరికే చల్లగాలికి వచ్చింది. ఇంకొకాయన బాడుగ ఇల్లు చూసుకున్నాడు, తాళంచెవి రావడమే ఆలస్యం. సుంకప్ప అయితే బస్సు కోసం కూర్చున్నాడు.

"ఏ బస్సు పెద్దాయనా?" అన్నాడు ఆదెన్న.

"కణేకల్ బస్సు. శానా ఆలస్యం జేస్తాండాడు."

"ఆరేళ్ళ నుంచా?" అంది గంగాదేవి.

ఆ మాట ఎవరన్నారో అని అందరూ చుట్టూ చూశారు. గంగాదేవి కూడా చూసింది. తనే అన్నదని తెలిసి చెవులు కాలిపోయాయి. అయినా ఆగలేదు. "మింగు తాతా. మా నాయన కండ్లు నువ్వూ చూసినావు గదా. మింగు."

మిగతావాళ్ళంతా గొణుక్కుంటూ మింగారు. సుంకప్ప నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మంచి పిల్లవు అని దీవించాడు. దాన్ని బుగ్గన దాచి, ఆదెన్న అటు తిరగగానే ఉమ్మేశాడని ఎవరికీ తెలియలేదు. బస్సుకు పోయే మనిషికి మాత్రలెందుకు?

కుళ్లాయప్పకు మాటలు వచ్చేంత ఓపిక వచ్చాక మొదట అన్న మాట ఇది. "ఒట్టు తప్పినావు గదే."

"చెప్పలా నాయనా. నడిచినా, అంతే."

"వార్డు వార్డంతా తెలిసిపాయ. ఆ ఆయా నన్ను మిల్లాయన అంటాండాది." గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. తిమ్మమ్మ చేతి గంజి తాగాడు, కూతురు పోస్తే చల్లారిందన్నాడు. గంగాదేవి ఏడవలేదు. నాయన కోపంగా ఉన్నాడంటే బతికి ఉన్నాడని అర్థం కదా అనుకుని, ఆ కోపాన్ని లోటాతో పాటు కడిగి బోర్లించింది.

ఆ వారం చివర్న స్ట్రెచరు మీద ఒక ముసలాయనను తెచ్చి పక్క మంచం మీద వేశారు. జ్వరంతో వణుకుతున్నాడు. పిక్కలు పట్టుకుని మూలుగుతున్నాడు. కళ్ళు పసుపు. సుంకప్ప.

డాక్టరమ్మ చీటీ పట్టుకుని వచ్చింది. "ఎక్కడ ఉంటారు తాతా?"

"మా అక్క ఇంట్లో తల్లీ," అన్నాడు సుంకప్ప కళ్ళు మూసుకునే. "మంచి ఇల్లు. బండలు పరిచినారు."

"ఎలుకలు ఏమైనా…"

"బండల మీద ఎలుకలు యాడుంటాయి తల్లీ?"

గంగాదేవి లేచి నిలబడింది. నోట్లో మాట సిద్ధంగా ఉంది. అంతలో వెనక మంచం కిర్రుమంది. కుళ్లాయప్ప మోచేతి మీద పైకి లేచాడు. సెలైన్ పైపు ఊగింది. వార్డులో ఇరవై మంచాలకూ వినపడేటట్టు, చేలో ఎద్దుల్ని అదిలించే గొంతుతో అన్నాడు.

"అక్కా లేదు, ఇల్లూ లేదు మేడం! ఆ యప్ప శెనక్కాయల మిల్లు పంచలో నా పక్క జాగాలో పండుకుంటాడు. నాకేసిన సూదే ఏయండి, బిరీన!"

సుంకప్ప ఒక కన్ను తెరిచాడు.

"నీ నోరు పడిపోను, కుళ్లాయప్పా! నీకు జాగా ఇచ్చింది నేనే కదరా!"

"అందుకే చెప్తాండా. ఉలక్కుండా పండుకో," అన్నాడు కుళ్లాయప్ప. ఆయాసంతో దిండు మీద వాలాడు. నర్సు సూది తీసుకుని వస్తుంటే చూస్తూ, కూతురి వైపు తలైనా తిప్పకుండా, "పాపా, రవంత గంజి పొయ్యి," అన్నాడు.

గంజి నిజంగానే చల్లారిపోయి ఉంది. ఆ మాట మాత్రం ఆయన ఆ పూట అనలేదు.